చర్మం ఒలిచిన తిమింగలం

పొద్దున్నే ఊరి హాలు తలుపు తీసిన తెపాయెరుకి తిమింగలం కనిపించింది గానీ, దాని చర్మం కనిపించలేదు.

వంచిన చెక్క బద్దల పక్కటెముకలు మాత్రం హాలు మధ్యలో బోడిగా నిలబడి ఉన్నాయి. వాటి మీద తివైవై ఉండాలి. నీలం గుడ్డ మీద అలలూ పూలూ అతికి, ఈ దీవిలోని తితికవేకా ఊరి ఆడవాళ్లు ఏడాది పొడుగునా చేత్తో కుట్టిన దుప్పటి. దాన్ని తొడుక్కుని ఆ తిమింగలం పిల్ల ఈ సాయంత్రం ఓడెక్కి ఆక్లాండ్ వెళ్లాలి. అక్కడి గ్యాలరీ వాళ్లు ఇన్నాళ్లూ వీళ్ల పనిని చూసి, ఇవి మంచాల మీద పరుచుకునేవి, శిల్పాలు కావని తిప్పి పంపేవారు. ఎంత పోరితేనో ఈసారి ఒప్పుకున్నారు. ఇప్పుడు బొమ్మ వెళ్లకపోతే మళ్లీ ఆ గుమ్మం తొక్కనివ్వరు.

"ఒక్క రోజు! ఒక్క రోజు కళ్లు పక్కకి తిప్పానంతే!" అంది తెపాయెరు పళ్లు నూరుతూ.

నిన్న ఊరంతా మెరియానా అంత్యక్రియల్లో ఉంది. మెరియానా తెపాయెరుకి పెద్దమ్మ కూతురు. ఈ తివైవైకి నమూనా గీసి, గుడ్డ కత్తిరించింది ఆవిడే.

"వదినా, ఇంకా ప్యాకింగ్ అవలేదా?" అంటూ ఆడపడుచు అకైటి డోనట్ల గిన్నెతో లోపలికొచ్చింది. ఎముకల్ని చూసి నోరు తెరిచింది. "అయ్యయ్యో, రాత్రికి రాత్రి ఇంత చిక్కిపోయిందేంటి?"

"ఇంకో జోకు వేశావంటే నిన్నే ఆ బద్దల మీద బిగిస్తా."

"నన్ను బిగిస్తే అది పిల్ల తిమింగలం ఎలా అవుతుంది? తల్లి అవుతుంది."

"నీలం వద్దు, ఎరుపే కావాలని ఏడాదంతా పోట్లాడింది నువ్వే కదే! నిజం చెప్పు, నువ్వే తీశావా?"

"నిన్నంతా నీ పక్కన కూర్చుని చామదుంపలు ఒలిచాను వదినా. నేను తీసిన చర్మం వాటిదే."

ఈలోగా జనం పోగయ్యారు. ఒకావిడ గాలికి ఎగిరిపోయి ఉంటుందంది, తలుపులు మూసి ఉన్న హాల్లోంచి. ఇంకొకావిడ టూరిస్టుల పనే అంది. మరొకావిడ ఏ పందో లాక్కెళ్లి ఉంటుందని తేల్చి, డోనట్ అందుకుంది. తెపాయెరు తల పట్టుకుంది. ఓడ కోసం పరిగెత్తాల్సిన పూట ఈ సలహాలొకటి!

వాళ్లని వాళ్ల మానాన వదిలేసి బొమ్మ పొట్ట కిందికి దూరింది. చర్మాన్ని బద్దలకి పట్టి ఉంచే చెక్క మేకులు అక్కడే ఉంటాయి, పైకి కనపడకుండా. ఒక్కటీ విరగలేదు. అన్నీ ఊడదీసి, ఓ డబ్బాలో పొందిగ్గా పేర్చి ఉన్నాయి. నేల మీద తెగిన దారం ముక్క కూడా లేదు. దొంగైతే కత్తెరతో కోసుకుపోయేవాడు. ఆ మేకులు ఎటు తిప్పితే వస్తాయో తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే, వాటిని చెక్కిన వడ్రంగి తుతాయ్. మెరియానా మొగుడు.

"ఖర్మ!" అంది తెపాయెరు, మోకాళ్లు దులుపుకుని లేస్తూ. తిట్టడానికి కూడా వీల్లేని మనిషి దొరికాడు.

తుతాయ్ ఇంటి ముంగిట్లోనే ఉన్నాడు. ఊరి ఆనవాయితీ ప్రకారం ఇంటి ముందే కట్టిన భార్య సమాధి మీద తడి సిమెంటు తాపీతో నున్నగా చేస్తున్నాడు.

"బావా, ఈ పూట నిన్ను అడగడం నాకూ ఇష్టం లేదు. చర్మం ఏదీ?"

తాపీ ఆగలేదు.

"బావా, సాయంత్రం ఓడ పోతుంది!"

"పోనీ."

"పోనీ ఏంటి? ఏడాది కష్టం! వేళ్లన్నీ సూది పోట్లే మాకు. వాళ్లకి నేనేం చెప్పను? ఎక్కడ దాచావో చెప్పు, కాళ్లు పట్టుకుంటా."

తుతాయ్ తాపీ పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"నేనే తీశాను, తెపాయెరూ. మీరంతా వంటల దగ్గరున్నప్పుడు తీశాను. శవపేటిక చేసిందీ నేనే, మూత బిగించిందీ నేనే. కాసేపు మమ్మల్ని వదలండంటే అందరూ బయటికెళ్లారు కదా, అప్పుడే దాన్ని మీ అక్క ఒంటికి చుట్టి, పైన తెల్ల గుడ్డ కప్పాను. తను కుట్టినవన్నీ ఏమయ్యాయో నీకు తెలీదా? పెళ్లిళ్లకిచ్చింది, మగపిల్లల జుట్టు కత్తిరించే వేడుకలకిచ్చింది. నీ కొడుక్కీ ఇచ్చింది. ఇంట్లో ఒక్కటి మిగల్లేదు. తనకోసమని మొదలెట్టిన దాన్ని, తిమింగలం పనయ్యాక చూద్దాంలే అక్కా అని నువ్వే పక్కన పెట్టించావు. తనూ సరేనంది. చుట్టాలు తెచ్చిన తివైవైలు పెట్టెలో పెట్టాను, కాదనను. కానీ అవి వేరేవాళ్ల చేతి పనులు. తన చెయ్యి పడి పూర్తయినది అదొక్కటే మిగిలింది. తన చేతి పని ఒంటి మీద లేకుండా ఎలా పంపను చెప్పు? నిన్ను అడిగితే ఇవ్వవని అడగలేదు. తప్పే. కావాలంటే తవ్వి తీసుకో. పార ఆ గోడకుంది, నేను అడ్డం రాను. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది."