సజ్జాలో సర్పంచ్

హన్మాండ్లు పక్క దులిపి మడిచి, కుళాయి కింద దోసిలి పట్టి నోట్లో పోసుకున్న నీళ్ళు వెంటనే ఉమ్మేశాడు. ఒకటే ఉప్పు. క్యాంపులో చల్లనీళ్ళ కూలర్ పాడై నెల దాటింది. గల్ఫ్‌లోని ఈ సజ్జా ఎండలో రోజంతా సిమెంటు దిమ్మలు మోసే మనుషులకు ఈ ట్యాంకు నీళ్ళే గతి. అడిగినప్పుడల్లా క్యాంప్ బాస్ నయీమ్ "కల్ ఆయేగా" అంటాడు, ఆ రేపు మాత్రం రాదు. నిన్న పక్క మంచం నరేశ్ పనిలోనే కళ్ళు తిరిగి పడ్డాడు. హన్మాండ్లుకు ఒళ్ళు మండిపోయింది.

బక్కపలచని మనిషి. నెరిసిన మీసం, బరువులకు కాయలు కాసిన భుజం. క్యాంపంతా అతన్ని "సర్పంచ్ సాబ్" అంటుంది, సగం గౌరవంగా, సగం ఎగతాళిగా. జగిత్యాల దగ్గరి ఊరికి ఒకప్పుడు నిజంగానే సర్పంచ్. రిజర్వేషన్ వచ్చి గెలిచాడు. బోరుకోసం తిప్పించుకున్న అధికారి జీపుకు అడ్డంగా కూర్చుని తన వాడకు నీళ్ళు తెప్పించాడు. పదవి పోయాక, అతని ముందు లేచి నిలబడాల్సి వచ్చిన పెద్దమనుషులెవరూ కూలికి కూడా పిలవక, ఇక్కడికొచ్చి పడ్డాడు. ఆ కసి ఇంకా కడుపులోనే ఉంది.

తెల్లవారగానే పనికి తీసుకెళ్ళే బస్సు వచ్చింది. హన్మాండ్లు వెళ్ళి దాని ముందు నేలమీద కూర్చున్నాడు.

"నీళ్ళస్తెనే బస్సెక్కుడు. కూసోండ్రి!"

ఒక్కొక్కరే వచ్చి వెనక కూర్చున్నారు. నరేశ్ వంగి చెవిలో గొణిగాడు.

"కాకా, ఇది మనూరు గాదు. పని ఆపితె వీసా ఖలాస్ చేస్తరే."

"నీళ్ళడుగుడు గూడ తప్పేందిరా?"

నయీమ్ మేనేజరును వెంటబెట్టుకొచ్చాడు. "లీడర్ కౌన్ హై?" అని మేనేజరు అడిగాడు.

హన్మాండ్లు వెనక్కి తిరిగాడు. అందరూ లేచి బస్సెక్కుతున్నారు. తల వంచుకుని నరేశ్ కూడా ఎక్కాడు. హన్మాండ్లు పళ్ళు కొరుకుతూ మేనేజరు వైపు తిరిగాడు.

"మై హూఁ," అన్నాడు.

"ఔర్ కౌన్?"

"ఎవల్లేరు. నేనొక్కన్నే."

మధ్యాహ్నానికల్లా వీసా రద్దయింది. బ్యాగు సర్దుకోమని నయీమ్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. విమానాశ్రయానికి తీసుకెళ్ళే కారు గేటు దాటుతుండగా, కొత్త కూలర్ వేసుకుని ఓ వ్యాను లోపలికొచ్చింది.

"దొంగ నా కొడుకులు," అన్నాడు హన్మాండ్లు.

సాయంత్రం బస్సు దిగినవాళ్ళు వరుస కట్టి కడుపునిండా చల్లనీళ్ళు తాగారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. బస్సు ఆగేచోట, పొద్దున కూర్చోబోతూ హన్మాండ్లు విడిచిన చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి, దుమ్ము కొట్టుకుని.