పేరు లేని కాగితాలు

ఆ శనివారం నేను క్లాసు మానేస్తున్నానని చెప్పడానికే బయలుదేరాను. ఆరేళ్ళుగా ప్రతి శనివారం ఉదయం లైబ్రరీ మేడమీద గదిలో పదిమందికి కథలు రాయడం నేర్పుతున్నాను. ఐదు నెలలుగా నా నవల మాత్రం ఆఖరి అధ్యాయం దగ్గర మొండికేసింది. ఎడిటరు గారు ఇచ్చిన రెండు గడువులూ దాటిపోయాయి. మూడోది సోమవారం. అదీ దాటితే పుస్తకం వచ్చే ఏడాదికేనని తేల్చి చెప్పారు. తప్పెవరిదో తేల్చుకోవడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. వారమంతా వాళ్ళ కథలు తలలో పెట్టుకుని తిరుగుతుంటే నా కథకి చోటెక్కడిది? తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టుంది నా పని.

ఈ మాట మా అత్తగారు ఎప్పుడో అన్నారు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారమ్మా. ముందు నీది పూర్తి చేసుకో, తర్వాత లోకాన్ని ఉద్ధరిద్దువుగాని." ఆవిడకి నోటితోపాటు చెయ్యి కూడా చురుకే. భోజనాల బల్లమీద కాగితం కనిపిస్తే ఊరుకోలేరు. ఆ ఉదయం నేను జడ వేసుకుంటుంటే బల్లంతా సర్దేసి, "నీ కాగితాలన్నీ సంచీలో పెట్టేశాను, ఒక్కటి కూడా మిగల్చలేదు" అన్నారు. బతికించారత్తయ్యా అని చెప్పి బస్సెక్కాను.

మా క్లాసులో ఒక పద్ధతుంది, నేను పెట్టిందే. ముందు వారం అందరూ తమ కథలు టైపు చేసి, పేరు లేకుండా ఇస్తారు. నేను ఇంట్లో చదువుకుని, మళ్ళీ తెచ్చి బల్లమీద బోర్లించి పెడతాను. ఎవరి చేతికి ఏది వస్తే అది పైకి చదువుతారు. తర్వాత అందరూ ఉన్నమాట అనాలి. రాసినవాళ్ళు అంతా అయ్యేదాకా నోరు విప్పకూడదు. చివర్లో లేచి "ఇది నాది" అనాలి. మొహమాటం లేని మాట వినాలంటే ఇదొక్కటే దారని నేను ఎన్నో ఉపన్యాసాలిచ్చాను.

మానేసే సంగతి ఆఖర్న చెబుదామనుకున్నాను. దర్జీ గారు చెయ్యి పెట్టి ఒక కట్ట తీశారు. క్లాసులో మేం ఒకరినొకరు పనిపేరుతోనే పిలుచుకుంటాం. ఆయన గొంతు సవరించుకుని, "ఆవిడ ఇస్త్రీపెట్టె స్విచ్చి కట్టేసింది" అని మొదలుపెట్టారు.

అది నా ఆఖరి అధ్యాయం. బల్ల సర్దేటప్పుడు అత్తయ్య దాన్నీ వీళ్ళ కథల్లో కలిపేశారన్నమాట. ముప్పై ఏళ్ళు లాండ్రీ నడిపిన తల్లి, తాళాలు కూతురి చేతిలో పెట్టి వెళ్ళిపోయే ఘట్టం. ఆపండి అందామంటే అది నాదని తెలిసిపోతుంది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

చదవడం అయ్యాక ముందుగా నర్సు గారు అందుకున్నారు. "ముప్పై ఏళ్ళు ఇస్త్రీ చేసిన మనిషికి భుజం నొప్పి ఉండదా? భుజం ఊసే లేదు. స్వేచ్ఛ అనే మాట మాత్రం ఆరుసార్లుంది."

"ఈ రాసినవాళ్ళకి మనమీద నమ్మకం లేదండీ" అన్నారు రిటైరైన కండక్టరు గారు. "ప్రతి స్టాపులోనూ బస్సాపి, దిగి, ఇది ఫలానా చోటని చెప్పి మళ్ళీ ఎక్కుతున్నారు. మనకీ కిటికీ ఉంది కదా."

"పోనీలెండి, కొత్తగా చేరినవాళ్ళయి ఉంటారు" అని దర్జీ గారు జాలిపడ్డారు. "రాయగా రాయగా అదే వస్తుంది."

నాలుగు పుస్తకాలు అచ్చయినదాన్ని. ఒళ్ళు మండిపోయింది.

"కానీ తాళాలిచ్చేశాక కూడా, ఎవరిదో చొక్కాకి గుండీ ఊడి ఉంటే కుట్టి, ఎవరికీ చెప్పకుండా మడిచి పెట్టేసిందే, అక్కడ నాకు ఏడుపొచ్చింది" అన్నారు నర్సు గారు.

"నాకూ చదువుతూ అక్కడే ఆగాలనిపించింది. కథ అయిపోయిందనుకున్నాను. తిప్పి చూస్తే ఇంకా రెండు పేజీలున్నాయి" అన్నారు దర్జీ గారు.

ఐదు నెలలుగా నేను తిరగరాస్తున్నది ఆ రెండు పేజీలనే. తాళాలు ఎందుకిచ్చింది, దాని అర్థమేమిటి, ఇక ఆవిడ జీవితం ఎలా ఉంటుంది అని, క్లాసులో బోర్డు దగ్గర నిలబడి చెప్పినట్టే చెప్పుకుంటూ పోయాను. నవల ఎప్పుడో పూర్తయింది, నేనే గమనించలేదు.

"ఎవరిదండీ ఇది?" అన్నారు కండక్టరు గారు.

ఎవరూ లేవలేదు. నేనూ లేవలేదు. నిజం చెప్పాలంటే లేవకూడదనే నిశ్చయించుకున్నాను. అందరి కళ్ళూ చివరి కుర్చీవైపు తిరిగాయి. కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే అమ్మాయి, చేరి మూడు వారాలే అయింది.

"నాది కాదండీ" అంది ఆ అమ్మాయి.

"ఫర్వాలేదమ్మా, మొదట్లో మేమూ ఇలాగే రాశాం" అని ఓదార్చారు దర్జీ గారు.

ఆ అమ్మాయి మొహం కందిపోయింది. సంచీ తీసి భుజానికి తగిలించుకుంది. ఇక నావల్ల కాలేదు. లేచి నిలబడి, "ఇది నాది" అన్నాను.

కండక్టరు గారు వెంటనే ప్లేటు ఫిరాయించారు. "అంటే, మొత్తంమీద చాలా బాగుందండీ. మాకే సరిగ్గా అర్థం కాలేదేమో."

"ఇప్పుడు మాట మారిస్తే ఒప్పుకోను" అన్నాను, కోపంగానే. "ఇంతసేపూ నిజం చెప్పారు. నా మొహం చూసి దాన్ని పాడు చెయ్యకండి. గుండీ దగ్గర ఆపెయ్యమంటారా?"

"ఆపెయ్యండి" అన్నారు ముగ్గురూ.

కత్తిరింపు సంగతి దర్జీకి వేరే చెప్పాలా? ఆయన ఆ రెండు పేజీలనీ విడదీసి నా చేతికిచ్చారు. వాటిని చూస్తే నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సిగ్గుతో కొంత, సంతోషంతో చాలా. ఐదు నెలలు వీళ్ళని ఆడిపోసుకున్నాను. నా పని పది నిమిషాల్లో తేల్చింది వీళ్ళే.

"మీక్కూడా ఇలా అవుతుందా మేడమ్?" అంది కళ్ళద్దాల అమ్మాయి.

"ప్రతి పుస్తకానికీ అవుతుంది."

"మరి మాకెప్పుడూ చెప్పలేదేం?"

తప్పించుకోవడానికి నా దగ్గర బోలెడు జవాబులున్నాయి. అవన్నీ పక్కన పెట్టాను.

"పరువు పోతుందని" అన్నాను.

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "నేను ఇవాళ్టితో మానేద్దామని వచ్చానండీ. మీకన్నీ ఇట్టే వచ్చేస్తాయి, నాకే చేతకాదు అనుకున్నాను."

"నేనూ మానేద్దామనే వచ్చాను" అన్నాను. పక్కనున్న ఖాళీ కుర్చీ లాక్కుని ఆ అమ్మాయి దగ్గర కూర్చున్నాను. "సంచీ కింద పెట్టు. నీ కథేదో చెప్పు, ఇవాళ నేను చదువుతాను."