ఎనభై ఎనిమిదో రోజు

"ఎన్నయింది ఇవాళ?"

స్నానం చేసి వచ్చి, టవలుతో చెవులు తుడుచుకుంటూ భర్త అడిగే మొదటి ప్రశ్న అదే. ఆమె అప్పటికి రెండు బాక్సులు సర్ది, మూడోదాని మూత కోసం వెతుకుతోంది. ఆ ఇంట్లో మూతలకు కాళ్లుంటాయి, వెతికే చేతులు మాత్రం ఒక్క మనిషివే. "పది పాయింట్ నాలుగు కిలోమీటర్లు" అంది సింకు కింద తల పెట్టి. "సగటు స్పీడు పడిపోయిందే! నర్సరీ దగ్గర నాలుగు నిమిషాలు ఆగావు, దేనికీ?" ఆమె తిరిగిన దారంతా ఆయన ఫోన్‌లో నీలం గీతగా కనిపిస్తుంది. నర్సరీలో మొక్కలకు నీళ్లు కొడుతున్నారు, మట్టి వాసన వస్తే ఆగాను అని చెప్పాలి. చెప్పలేదు. "సైకిల్ చైను ఊడింది" అంది. మట్టి వాసన కోసం ఆగిన ఆడదానికంటే చైను ఊడిన ఆడదానికే మర్యాద ఎక్కువ మరి.

ఆ సైకిల్ కూతురిది. తొమ్మిదో తరగతికి రాగానే, ముందున్న బుట్ట చిన్నపిల్లల సైకిల్‌లా ఉందని ఆ పిల్ల దాన్ని మెట్ల కింద పారేసింది. ఒకరోజు పొద్దున్నే పాల ప్యాకెట్లకని ఆమె దానిమీద వెళ్లింది. పాల దుకాణం వీధి చివరే. తిరిగొచ్చింది మాత్రం గంటకు. ఊరవతల నీళ్ల ట్యాంకున్న గుట్ట దాకా పోయింది. పైకి మూడు మలుపుల రోడ్డు. మొదటి మలుపులోనే ఊపిరందక దిగిపోయి, సైకిల్ నడిపించుకుంటూ పైకెక్కి, చెమట ఆరేదాకా ఊరి కప్పులన్నీ చూసి వచ్చింది. ఎప్పటికైనా కాలు కింద పెట్టకుండా ఈ మూడు మలుపులూ ఎక్కి తీరాలని అప్పుడే అనుకుంది. ఆ పందెం ఎవరూ వేయలేదు, ఆమెకు ఆమే వేసుకుంది. నెల తిరిగేసరికి రెండో మలుపు దాకా వచ్చింది కూడా.

గుట్ట కంటే గడపే కష్టమైంది. "ఎక్కడికమ్మా పొద్దున్నే?" అనేవారు అత్తగారు. "ఊరికే, అత్తయ్యా" అంటే ముక్కు మీద వేలేసుకునేవారు. "ఊరికేనా! ఊరికే తిరగడానికి మనమేమన్నా మగాళ్లమా?" ఆవిడను అని లాభం లేదు. డెబ్బై ఏళ్లలో ఆవిడ ఊరికే గడప దాటిన రోజు ఒక్కటి లేదు. ఆస్పత్రో, పెళ్లో, చావో, ఏదో ఒక పని వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాల్సిందే.

దీనికి ఆయనే మార్గం కనిపెట్టాడు. "ఊరికే తొక్కితే ఏమొస్తుంది? టార్గెట్ అంటూ ఒకటుండాలి" అని, ఆమె ఫోన్‌లోని సైక్లింగ్ యాప్‌లో వంద రోజుల ఛాలెంజ్‌కు పేరు రాయించాడు. రోజుకు పది కిలోమీటర్లు. ఒక్కరోజు తప్పినా మళ్లీ సున్నా. ఫ్రిజ్ మీద గళ్ల కాగితం అంటించి, రోజూ తన చేత్తో టిక్కు పెట్టేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఎదురు తిరగడం తేలిక.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, మొదట్లో ఆమెకూ బాగానే ఉంది. ఛాలెంజ్ అనే మాటకు గడప దానంతటదే తెరుచుకుంది. ముసురు పట్టిన పొద్దున దుప్పటి లాక్కుని పడుకోవాల్సినదాన్ని ఆ గళ్ల కాగితమే లేపి కూర్చోబెట్టింది. కాళ్లు గట్టిపడ్డాయి. అయితే గుట్ట ఎక్కితే టైము తినేస్తుంది, ఆరూ ముప్పావుకల్లా బాక్సులు సిద్ధం కావాలి. చదునుగా ఉండే బైపాస్ రోడ్డు మీదైతే పది కిలోమీటర్లు ముప్పై అయిదు నిమిషాల్లో అయిపోతాయి. అలా గుట్ట వెనకబడింది. తర్వాత నర్సరీ, బస్సులు కడిగే డిపో, బేకరీ వాసన కూడా వెనకబడ్డాయి. కళ్లు రోడ్డు మీద నుంచి హ్యాండిల్‌కు బిగించిన ఫోన్ మీదికి దిగాయి. అరవయ్యో రోజుకు అలారం మోగితే ఆమెకు ఏడుపొచ్చింది. ఇంట్లో ఒక డ్యూటీ, ల్యాబ్‌లో ఒక డ్యూటీ, మధ్యలో రోడ్డు మీద ఇంకో డ్యూటీ.

ల్యాబ్‌లో ఆమె పని రక్తం తీయడం. ఏడుస్తూ వచ్చే ప్రతి పిల్లనీ, నరం దొరకని ప్రతి ముసలాయన్నీ మేనేజరు ఆమె కుర్చీకే పంపుతాడు. "మీ చెయ్యి తేలికమ్మా. పైగా ఆడవాళ్లకి ఓపికెక్కువ" అంటాడు. ఆ ఓపికకు గంట ముందు వెళ్లనివ్వమంటే మాత్రం రూల్సు ఒప్పుకోవు. ఛాలెంజ్ సంగతి తెలిశాక ఆమె ఫొటో నోటీసు బోర్డుకెక్కించాడు, రోజూ ఆమె కిలోమీటర్లు ల్యాబ్ గ్రూపులో వాటంతటవే పడే ఏర్పాటూ చేయించాడు.

ఎనభై ఎనిమిదో రోజు తెల్లవారేసరికి ఆమెకు ఒళ్లు కాలిపోతోంది. లేవబోతే గది గిర్రున తిరిగింది. ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "నువ్వు పడుకో. నేను చూసుకుంటాగా" అన్నాడు. పదహారేళ్ల కాపురంలో ఆ మాట వినడం అదే మొదలు. ల్యాబ్‌కు లీవు మెసేజ్ పెట్టింది. బాక్సులు చూసుకుంటాడు, పాలు చూసుకుంటాడు, పిల్లను బడికి పంపుతాడు అనుకుంది. కళ్లు మూసుకుంటే చెంపల మీదికి నీళ్లు జారాయి. హాయిగా నిద్రపోయింది.

పది గంటలకు లేచి వంటింట్లోకి వెళ్తే పొయ్యి మీద పాలు పొంగి, అట్టకట్టి, మాడి ఉన్నాయి. సింకు నిండా గిన్నెలు. బాక్సులు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. ఫ్రిజ్ మీద మాత్రం ఎనభై ఎనిమిదో గడిలో టిక్కు ఉంది. ఫోన్ తెరిచింది. "అభినందనలు! ఇది మీ అత్యంత వేగవంతమైన రైడ్."

ఆయనకు ఫోన్ చేసింది. "చూశావా?" అన్నాడు ఉషారుగా. "నీ ఫోన్ జేబులో వేసుకుని స్కూటర్ మీద బైపాస్ కొట్టొచ్చా. నెమ్మదిగానే పోనిచ్చాలే, అనుమానం రాకుండా. ఎనభై ఏడు రోజుల కష్టం మట్టి కొట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకుంటానా?"

"మరి పిల్ల బాక్సు?"

"క్యాంటీన్లో తినమన్నా. ఒక్కపూటకేమైంది?"

సిగ్గుచేటు సంగతేమిటంటే, ఆమెకు ముందు కోపం రాలేదు. హమ్మయ్య, తెగలేదు అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే రోత పుట్టింది. స్కూటర్ నడిపితే నిండిన గడి చూసి ఊపిరి పీల్చుకుందంటే, తనలో సైకిల్ తొక్కే మనిషి ఏనాడో దిగిపోయిందన్నమాట.

అంతలో మేనేజరు ఫోన్. "ఏమ్మా, జొరమని లీవు పెట్టి రైడింగులా? గ్రూపులో అందరూ చూశారు. ఛాలెంజ్‌కున్న ఓపిక డ్యూటీకి లేదా?" తొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఆమె ఒక్కరోజు దొంగ లీవు పెట్టలేదు. చంకలోంచి తీసిన థర్మామీటరు నూట రెండు చూపిస్తోంది. ఫోన్ పెట్టేసి, మంచం మీద కూర్చుని, ల్యాబ్ గ్రూపులో రాసింది: "ఈరోజు పది కిలోమీటర్లు నావి కావు. మా ఆయన స్కూటర్‌వి. నేను జ్వరంతో పడుకుని ఉన్నాను. నా ఛాలెంజ్ ఎనభై ఏడుతో ఆగిపోయింది."

సాయంత్రం ఆయన గుమ్మంలోంచే అందుకున్నాడు. "నా పరువు తీశావు కదే! నీ మంచికే కదా చేశాను. ఇంకో పన్నెండు రోజులు ఓపిక పడితే సర్టిఫికెట్ వచ్చేది."

"ఎవరికి?" అంది ఆమె.

"నేనేం తక్కువ చేశాను నీకు?"

"నాకు జొరమొచ్చిన రోజు మీరు నా పనులన్నీ వదిలేసి, నేను చేయకపోయినా ఫర్వాలేని పనొక్కటే చేశారు." లేచి వెళ్లి ఫ్రిజ్ మీద కాగితం పీకింది. అంటించిన టేపు ఊడి రావడానికి కాస్త మొరాయించింది.

జ్వరం తగ్గి నాలుగు రోజులయ్యాక, ఆదివారం పొద్దున సైకిల్‌కు గాలి కొట్టింది. హ్యాండిల్ మీద ఫోన్ బిగించే స్టాండు ఊడదీసి బుట్టలో పడేసింది. పడక మీదే ఉన్న మొగుడి పక్కన తన ఫోన్ పెట్టింది. "ఇది మీ దగ్గరుంచండి. కావాలంటే స్కూటర్ మీద తిప్పుకురండి. నేను సైకిల్ తొక్కొస్తాను."

ఆయన కళ్లు నులుముకుంటూ లేచాడు. "ఛాలెంజ్ లేదు, ఏమీ లేదు, మరి ఎక్కడికి?"

వరండాలో అత్తగారు కూడా అదే చూపు చూస్తున్నారు. పాలకని చెప్పవచ్చు. కూరగాయలకని చెప్పవచ్చు. డాక్టరు తొక్కమన్నాడని చెబితే ఇక తిరుగే ఉండదు. అబద్ధాలన్నీ నాలుక చివరకు వచ్చి వరసలో నిలబడ్డాయి.

"ఊరికే" అంది.

ఆవిడ ఒక్క క్షణం కోడలి ముఖంలోకి చూసి, లోపలికి కేకేశారు. "ఒరేయ్ అబ్బాయ్, పాలు నువ్వే పెట్టుకోవాలి. మీ ఆవిడ ఊరికే వెళ్తోందట!" అది వెటకారమో మెచ్చుకోలో తేల్చుకోవడానికి ఆమె ఆగలేదు.

నర్సరీ దగ్గర ఆగింది, తనివితీరా మట్టి వాసన పీల్చుకుంది. డిపోలో బస్సుల మీంచి కారే నీళ్లలోంచి చక్రాలు పోనిచ్చింది. గుట్ట మొదలైంది. మొదటి మలుపు దాటింది. రెండో మలుపులో తొడలు మండాయి, ఆ మంట కూడా హాయిగానే ఉంది, దాన్నీ దాటింది. మూడో మలుపు సగంలో చక్రం వణికింది. ఇంకొక్క పది గజాలు అనుకుంటుండగానే కాలు కింద పడింది. హ్యాండిల్ మీద తల వాల్చి, ఊపిరందక, పైకే నవ్వేసింది. ఎంతసేపు పట్టిందో చెప్పడానికి ఫోన్ లేదు. ఎండ మాత్రం బాగా ఎక్కింది. ఇంట్లో ఈపాటికి పాలు కాగైనా ఉండాలి, పొంగైనా ఉండాలి.

ఆమె సైకిల్‌ను కిందికి తిప్పింది. గుట్ట మొదట్లోకి వచ్చి, బుట్టలోంచి నీళ్ల సీసా తీసి రెండు గుక్కలు తాగి, మళ్లీ పెడల్ మీద కాలు వేసింది. పాల సంగతంటారా, నేను చూసుకుంటాగా అని ఆయనే అన్నాడు కదా.