మా అత్తగారి ఎడమ చెయ్యి

పొద్దున్నే అయిదున్నరకి లేచి అందరికీ కాఫీ పెట్టే పని నాకు పెళ్ళితోపాటే వచ్చింది. పన్నెండేళ్ళుగా దాన్ని ఎవరికైనా అంటగడదామని చూస్తూనే ఉన్నాను. చివరికి దారి చూపించింది బుడగల ఆట.

కంప్యూటర్ తెర మీద రంగురంగుల బుడగలు పైనుంచి దిగుతుంటాయి. ఒకే రంగువి మూడు కలిసేలా గురిచూసి కొడితే టప్పుమని పేలిపోతాయి. భోజనాలయ్యాక నేను ఆడుతుంటే మొదట్లో మా అత్తగారు "కళ్ళు పోతాయే!" అని కేకలేసేవారు. నాలుగో రోజుకి పక్కన కుర్చీ వేసుకుని "పచ్చది కొట్టవే, పచ్చది! నీ గురి తగలెయ్య!" అనసాగారు. రెండో వారంలో నా కుర్చీయే లాగేసుకున్నారు.

అప్పుడే పందెం కట్టుకున్నాం. వచ్చే ఆదివారం మొదలు నెలకోసారి చెరో పది నిమిషాల ఆట. ఓడినవాళ్ళు నెలంతా అయిదున్నరకి లేచి కాఫీ పెట్టాలి. గెలిచినవాళ్ళు ఏడింటిదాకా ముసుగు తన్ని పడుకోవచ్చు. ఏడింటిదాకా! ఆ ఊహకే నాకు ఒళ్ళు పులకరించింది.

తీరా గురువారంనాడు మౌస్ మొరాయించింది. ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది.

"తొందరపడకండి. ముందు ఏ సెన్సరో, ఎంత డీపీఐయో చూడాలి. నేను చదివి చెప్తాను," అన్నారు మావారు.

ఆయన చదివి చెప్పేదాకా ఆగే ఓపిక మాకు లేదు. కిందటిసారి మిక్సీ గురించి ఆయన చదువుతూ ఉండగానే పాత మిక్సీ సిగ్గుపడి దానంతటదే పనిచెయ్యడం మొదలుపెట్టింది. శుక్రవారం ఆయన ఆఫీసుకి వెళ్ళగానే అత్తాకోడళ్ళం చెప్పులేసుకుని కంప్యూటర్ల కొట్టుకి బయల్దేరాం.

కొట్టాయన ముందుగా ఒక మౌస్ తీసి బల్లమీద పెట్టాడు. నిలువెల్లా రంగుల లైట్లు, పక్కన పన్నెండు మీటలు.

"ఇన్ని మీటలెందుకు బాబూ? మేమేమన్నా విమానం నడపాలా?" అన్నారు అత్తగారు.

"పెద్ద ఆటలకండీ."

"మావి చిన్న ఆటలే. పందెమే పెద్దది."

ఒకటి మరీ తేలిగ్గా ఉంది. ఇంకొకటి నొక్కితే వీధి చివరిదాకా వినిపించేలా ఉంది. మూడోది అరచేతిలోకి తీసుకున్నానో లేదో, నా చేతి కొలత తీసుకుని చేసినట్టు అమరిపోయింది. బొటనవేలికి చక్కటి పల్లం, వేళ్ళకి ఏటవాలు. గాజు బల్లమీద అటూ ఇటూ జరిపాను. వెన్నలో చాకులా సాగిపోయింది.

"ఇదే!" అన్నాను.

"ఏదీ, ఇలా ఇయ్యి," అని అత్తగారు చెయ్యి చాచారు. ఎడమ చెయ్యి.

ఆవిడది ఎడమచేతి వాటం. కూరలు తరిగినా, సంతకం పెట్టినా, బుడగ కొట్టినా ఆ చేత్తోనే. ఆ పల్లం కుడిచేతి బొటనవేలికోసం చేసింది. ఆవిడ చిటికెనవేలు అందులో పడి ఊగిసలాడింది, బొటనవేలికి చోటే దొరకలేదు. ఎటు తిప్పినా చేతికి ఎదురే తిరిగింది.

సంబరంతో నా మనసులో వెయ్యి బుడగలు ఒక్కసారిగా పేలాయి. ఏడింటిదాకా నిద్ర, నెలరోజులు! పైగా నేనేం చేశాను, మంచి మౌస్ ఎంచుకున్నానంతే.

గొడవపడతారని కాచుకుని నిలబడ్డాను. మా అత్తగారు గొడవపడితే నేను నెగ్గగలను. కానీ ఆవిడ ఆ మౌస్‌ని మెల్లిగా బల్లమీద పెట్టి, "నీకు నచ్చిందిగా, తీసుకోవే," అన్నారు.

ఇదిగో, ఇలాంటివాటి మీద నెగ్గడమే నాకు చేతకాదు.

"రెండు చేతులకీ సరిపోయేది ఉందాండీ?" అని అడిగాను, నా నోటిని నేనే తిట్టుకుంటూ.

కొట్టాయన సబ్బుబిళ్ళలాంటి మౌస్ ఒకటి తీశాడు. వంపూ లేదు, సొంపూ లేదు. "ఇది ఏ చేత్తోనైనా వాడుకోవచ్చు. కావాలంటే సెట్టింగుల్లో కుడి మీట ఎడమకీ, ఎడమది కుడికీ మార్చుకోవచ్చండీ," అన్నాడు.

"ఎలా మార్చాలో కాగితం మీద రాసివ్వు బాబూ," అన్నారు అత్తగారు.

ఆదివారం మావారు గడియారం పట్టుకుని కూర్చున్నారు. ముందు అత్తగారు ఆడారు. ఎడమ చేతికింద ఆ సబ్బుబిళ్ళ జారుతుంటే తెరంతా టపటపలే. ఆట ముగిసింది, కుర్చీ నాకిచ్చారు.

"మొదలుపెట్టు!" అన్నారు మావారు.

గురిచూసి నొక్కాను. బుడగ కదల్లేదు. కుడి మీట నొక్కితే వచ్చే పట్టీ తెరుచుకుంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ పట్టీ.

"కొత్తది అప్పుడే పాడైందే! డీపీఐ చూడమని చెప్పానా!" అన్నారు మావారు.

"పాడవలేదు, మీటలు తారుమారై ఉన్నాయి! అత్తయ్యా, తిరిగి మార్చలేదా?"

"అయ్యో, మర్చిపోయానే," అన్నారావిడ, గోడమీది క్యాలెండర్ కేసి చూస్తూ.

అది మార్చేసరికి అర నిమిషం పోయింది. రెండు బుడగల తేడాతో ఓడిపోయాను. ఆవిడ నిజంగానే మర్చిపోయారని నేను నమ్ముతున్నాను. ఒకే ఇంట్లో ఉండాలి కదా.

సోమవారం అయిదున్నరకి ఏడుపుమొహంతో లేచాను. ముందుగదిలోంచి టప్, టప్. ఏడింటిదాకా పడుకోవలసిన మనిషి, జుట్టయినా ముడేసుకోకుండా తెరకి అతుక్కుపోయి ఉన్నారు.

"ఇదేమిటత్తయ్యా, గెలిచింది మీరు కదా!"

"పందెం నెలనెలా ఉంటుందిగా. పచ్చది వస్తోంది, మాట్లాడించకు. కాఫీ అక్కడ పెట్టు."

పెట్టాను. ఖాళీగా ఉన్న కుడిచేతి పక్కన.