ఎర్ర గిన్నెలో సూపు

పోలీసు సార్జెంటు బ్రందాని గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఎర్ర గిన్నె బల్ల మీదే ఉంది. దాచే వ్యవధి లేదు. మా ఆయన దుయీలియో మొహంలో నెత్తురు చుక్క లేదు. ద్రాక్షతోట దున్నుతుంటే దొరికిన రోమన్ల నాటి గిన్నె అది. ఇటలీలో, మా అరెత్సోలో, భూమిలో అలాంటిది దొరికితే సర్కారుకి అప్పజెప్పాలి. లేదంటే కేసు. ఈయన అప్పజెప్పకుండా ఇంట్లోనే దాచుకున్నాడు. ఏనాడూ నన్ను కూడా అంత మురిపెంగా చూసుకోలేదు మహానుభావుడు!

నాకు ఒక్కటే తోచింది. పొయ్యి మీదున్న చిక్కుడుగింజల సూపు ఆ గిన్నెలో పోసి సార్జెంటు ముందు పెట్టాను.

"వేళకొచ్చారు, తినండి బాబూ."

మా ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నీళ్ళ చుక్క తగలనివ్వని గిన్నెలో వేడి సూపు మరి.

"గిన్నె బాగుందమ్మా. పాతదా?" అన్నాడు సార్జెంటు చెంచా ముంచుతూ.

"పాతదీ లేదు, నా బొందా లేదు! సంతలో కొన్నాను. అక్కడ ఇలాంటివి గుట్టలు గుట్టలు."

"ఏం పెద్దాయనా, నిజమేనా?"

"ఈ కుండల గొడవ నాకేం తెలుసు బాబూ? ద్రాక్ష తప్ప ఇంకోటి ఎరగను."

ఈయన తడుముకోకుండా చెప్పాడు. శభాష్ అనుకున్నాను. సార్జెంటు తాపీగా తిని, రొట్టెముక్కతో అడుగంతా తుడిచి నోట్లో వేసుకున్నాడు. అప్పుడు జేబులోంచి ఎర్రటి ముక్క ఒకటి తీశాడు.

"మీ వాకిట్లో దొరికింది. రాయంటారా, పెంకంటారా?"

మా ఆయన అందుకున్నాడు. బొటనవేలితో మట్టి తుడిచాడు. నేను వద్దనేలోపే విరిగిన అంచుని నాలుకకి ఆనించాడు.

"అతుక్కుంది. పెంకే" అన్నాడు.

రాయైతే అతుక్కోదు. పాత పెంకులు ఏరుకునేవాళ్ళు తప్ప ఎవరూ అలా చూడరు. ఆ సంగతి సార్జెంటుకీ తెలుసు.

"ద్రాక్ష తప్ప ఇంకోటి ఎరగనన్నారు" అన్నాడు నెమ్మదిగా.

ఒళ్ళు మండిపోయింది నాకు. నా సూపూ దండగ, నా అబద్ధమూ దండగ. తిడదామని నోరు తెరిచాను గానీ, ఆయన మొహం చూశాక ఖాళీ గిన్నె ఆయన వైపు జరిపాను.

"కేసు పెట్టుకోండి బాబూ. గిన్నె మాత్రం నన్ను కడగనివ్వండి" అన్నాడు దుయీలియో. చన్నీళ్ళతో, చంటిపిల్లకి స్నానం చేయించినట్టు కడిగి, తన చొక్కాతో తుడిచి సార్జెంటు చేతుల్లో పెట్టాడు. సార్జెంటు గుమ్మం దాటుతుంటే వెనకే వెళ్ళాడు.

"బాబూ, అందులో తింటే ఎలా ఉంటుంది? నేనెప్పుడూ తినలేదు."

సార్జెంటు నా వంక చూశాడు.