గీత పడని గడియారం

గది గుమ్మం దగ్గర అలవాటుగా పక్కకి తిరిగి, ఎడమ చేతిని తలుపుకి తగలనీయకుండా పొట్టకి ఆనించుకుని, పీతలా బయటికి వచ్చాక గానీ అతనికి గుర్తు రాలేదు, చేతికి గడియారం లేదని, అది వరండాలో మామయ్య చేతికి ఉందని, అయినా చెయ్యి మాత్రం పొట్టని వదలడం లేదు, దానికి అలవాటైపోయింది, గడియారం కొన్న రోజు నుంచి అది బస్సులో కడ్డీ పట్టుకోవడం మానేసింది, కూరల సంచి మొయ్యడం మానేసింది, భార్య ఫ్యాను తుడుస్తుంటే స్టూలు పట్టుకోవడం కూడా మానేసింది, ఎదురింటావిడ చూసి చూసి ఏమండీ చెయ్యి విరిగిందా అని అడిగేసింది, లేదండీ గడియారం కొన్నాను అన్నాడు, ఆవిడ అంతా అర్థమైనట్టు తల ఊపి, జాగ్రత్తగా ఉంటే తగ్గిపోతుందిలెండి అని లోపలికి వెళ్ళిపోయింది, నవ్వుకుంటే నవ్వుకోనీ, వాళ్ళకేం తెలుసు, తళతళలాడే ఆ అద్దం మీద గీత పడితే ఎలా ఉంటుందో, కళ్ళద్దాల దుకాణంలో ఇన్నేళ్ళుగా చూపు పరీక్ష చేస్తున్నవాడికి తెలుస్తుంది, జనం తెచ్చి బల్ల మీద పడేసే అద్దాలు చూస్తే చాలు, గీతలు, గీతల మీద గీతలు, చొక్కా అంచుతో తుడిచి తుడిచి, అలాంటి మనుషుల మధ్య బతుకుతున్నవాడు ఒక్క వస్తువునైనా గీత పడకుండా చూసుకోవాలనుకోవడం తప్పా.

తప్పేం కాదు సార్ అనే అన్నాడు షోరూములో టై కట్టుకున్నాయన, కొనడానికి వచ్చినవాడు ఏం చెప్పినా తప్పేం కాదు సార్ అనేలా ఉన్నాడు, చేతులకి తెల్ల తొడుగులు వేసుకుని, మఖమలు గుడ్డ పరిచి, నీలం డయలు ఉన్నదాన్నీ తెల్ల డయలు ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి, ఇది బాగుందా, అది బాగుందా అని అడిగాడు, అతనికి ముచ్చెమటలు పోశాయి, రోజంతా చీకటి గదిలో ఎదుటివాళ్ళ కళ్ళ ముందు బిళ్ళలు మారుస్తూ తను అడిగే ప్రశ్న అదే, ఇది బాగుందా, అది బాగుందా, తేల్చుకోలేక నీళ్ళు నమిలేవాళ్ళని లోలోపల విసుక్కునేవాడు, ఇప్పుడు తనే నీళ్ళు నములుతూ మళ్ళీ ఒకసారి మొదటిది చూపించండి అన్నాడు, ఆ తర్వాత రెండోది, చివరికి టై ఆయన కళ్ళలో విసుగు కనబడి నీలం అనేశాడు, బ్యాటరీ ఉండదు సార్, లోపల చిన్న చక్రం, మీ చెయ్యి కదిలినప్పుడల్లా అది తిరుగుతుంది, దాంతోనే నడుస్తుంది, మీరున్నంతకాలం ఇదీ నడుస్తుంది అన్నాడు టై ఆయన, ఆ మాటకి కళ్ళు చెమర్చాయి కూడా, తీరా మూడోనాడు పొద్దున్న లేచి చూస్తే ఆగిపోయి ఉంది, మీరున్నంతకాలం అన్నది మూడోనాడే ఆగిపోతే మనిషి ఏమనుకోవాలి, ముందు తన మణికట్టు పట్టుకుని నాడి చూసుకున్నాడు, భార్య చీపురుతో గుమ్మంలో నిలబడి, మీకేం కాలేదులెండి, మిమ్మల్ని చూసి దానికే నీరసం వచ్చింది, మీరు కదలరు మెదలరు, అది మాత్రం ఎందుకు కదులుతుంది అంది, ఫోను చేస్తే టై ఆయన అదే మాట మర్యాదగా అన్నాడు, కాస్త చెయ్యి ఆడిస్తూ ఉండండి సార్, లేదంటే పక్కనున్న పిడి తిప్పి కీ ఇచ్చుకోండి, పిడి తిప్పడమా, అది సెలైను ఎక్కించినట్టు కాదూ, అంత గొప్ప వస్తువు చేతి సత్తువతో నడవాలి గానీ, చెయ్యి ఆడిద్దామంటే ఏ గోడకి కొట్టుకుంటుందోనని భయం, ఒకరోజు మంచం మీద పడుకుని, చుట్టూ దిండ్లు పేర్చుకుని, చెయ్యి ఊపి చూశాడు, మామయ్య తలుపు దాకా వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

మామయ్య అంతే, ఏమీ అనడు, భార్యకి తండ్రి, ఒకప్పుడు పేరుపడ్డ దర్జీ, ఊళ్ళో సగం మంది కోట్లు ఆయన కత్తెర కింద నుంచి వచ్చినవే, అత్తయ్య పోయాక దుకాణం మూసేసి కూతురి దగ్గరికి వచ్చేశాడు, వచ్చిన కొత్తలో ఇంట్లో ఒక్క గుండీ ఊడితే ఒప్పుకునేవాడు కాదు, అలాంటిది ఈమధ్య, కంటికి ఆనడం లేదమ్మా, సూదిలోకి దారం ఎక్కడం లేదు, అని సూదుల డబ్బా కూతురికి ఇచ్చేశాడు, ఇంట్లో కళ్ళద్దాల అల్లుణ్ణి పెట్టుకుని కంటికి ఆనకపోవడమా, అతనికి పౌరుషం వచ్చింది, దుకాణానికి తీసుకెళ్ళి, చీకటి గదిలో కూర్చోబెట్టి, ఇది బాగుందా మామయ్యా, అది బాగుందా అని అడిగాడు, రెండూ బాగానే ఉన్నాయి బాబూ అన్నాడాయన, అడుగు వరసలో చీమల్లాంటి అక్షరాలు కూడా గడగడా చదివేశాడు, అయినా దారం ఎక్కడం లేదంటే ఏదో ఉండే ఉంటుందని కొత్త జోడు చేయించాడు, దారం ఎక్కలేదు, ఇంకో జోడు, ఎక్కలేదు, చివరికి తన పనితనమంతా రంగరించి మూడో జోడు చేయించాడు, మామయ్య అది పెట్టుకుని అల్లుడి మొహంలోకి చూసి, అబ్బ, ఎంత బాగా కనిపిస్తున్నావు బాబూ అన్నాడు, సూది ఊసు మాత్రం ఎత్తలేదు, ఆ రోజంతా అతను నేల మీద నడవలేదు.

గడియారం ఆయన దగ్గరికి ఎలా చేరిందంటే, దుకాణంలో గోడలు పగలగొట్టి కొత్తగా కడుతున్నారు, ఎక్కడ చూసినా దుమ్ము, పెట్టుకెళ్ళడానికి మనసొప్పక, ఇంట్లో వదలడానికి మనసొప్పక కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే, మా నాన్న చేతికి పెట్టండి, ఆయన ఆ కుర్చీలోంచి లేవరు, దేనికీ తగలదు అంది భార్య, నిజమే, ఇంటిల్లిపాదిలో అంత భద్రమైన చెయ్యి ఇంకోటి లేదు, పొద్దున్న కూర్చుంటే భోజనానికే లేవడం, టీ కూడా సగం కప్పే పోయించుకుంటాడు, వద్దులే బాబూ, అంత విలువైనది నాకెందుకు అని మామయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు, మొహమాటం అనుకుని బలవంతాన అంటగట్టాడు, సాయంత్రం వచ్చేసరికి నడుస్తోంది, మర్నాడూ నడుస్తోంది, వారం తిరిగినా నడుస్తూనే ఉంది, తన చేతికి మొండికేసే వస్తువు కుర్చీలోంచి లేవని మనిషి చేతికి ఇలా పరుగులు పెట్టడమేమిటి, టై ఆయన్ని అడిగితే ఆయనా తికమకపడి, కొందరికి అలా కలిసొస్తుంది సార్ అన్నాడు, మామయ్యది మంచి హస్తవాసి అని తేల్చుకున్నాడు అతను, పైగా ఆయన పద్ధతి చూస్తే ముచ్చటేసేది, దుమ్ము పడకుండా చేతి మీద ఎప్పుడూ తువ్వాలు కప్పుకుని కూర్చునేవాడు, సాయంత్రం తన గదిలోకి వెళ్ళి తనే తీసి, ఎంతసేపు తుడిచేవాడో ఏమో, చాలాసేపటికి ఆ తువ్వాల్లోనే చుట్టి తెచ్చి ఇచ్చేవాడు, వస్తువు విలువ తెలిసిన మనిషి, ఆయన్ని చూసి చూసి అతనికి ఒక సిద్ధాంతం తట్టింది, ఈ గడియారానికి కావలసింది కదలిక కాదు, నిలకడ, మనసు నిమ్మళంగా ఉన్న చేతికే అది నడుస్తుంది అని, అప్పటినుంచి సెలవు రోజుల్లో తన చేతికి పెట్టుకున్నప్పుడు ఇంకా బిగదీసుకుని, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ కూర్చునేవాడు, అది ఠంచనుగా ఆగిపోయేది.

అందుకే ఈరోజు ఆదివారమైనా పొద్దున్నే దాన్ని మామయ్యకి అప్పగించాడు, మధ్యాహ్నం బడిలో కలిసి చదువుకున్నవాళ్ళంతా హోటల్లో భోజనానికి కలుస్తున్నారు, సైరన్ వస్తున్నాడు, గొంతు వల్ల ఆ పేరు, వాడికి ఎప్పటినుంచో ఇలాంటి గడియారం ఉంది, పోయినసారి కలిసినప్పుడు, ఒరేయ్, నీది ఇంకా బ్యాటరీదేనా అని హోటలంతా వినబడేలా అడిగాడు, ఆ మాట ఇన్నాళ్ళూ అతని కడుపులో తిరుగుతూనే ఉంది, ఏ బ్యాటరీ లేకుండానే, ఈరోజు వాడు చూస్తాడు, చెయ్యి లాక్కుని చెవి దగ్గర పెట్టుకుని మరీ వింటాడు, ఆగి ఉందా, ఇక చచ్చేదాకా వదలడు, కాబట్టి అది నడవాలి, భోజనాలయ్యి చేతులు కడుక్కునేదాకా నడిస్తే చాలు, అంతకన్నా ఈ జన్మకి కోరేదేమీ లేదు, చొక్కా చేతులు ఎంతవరకు మడవాలో అద్దం ముందు నిలబడి ఇందాకే తంటాలు పడ్డాడు, ఇది బాగుందా, అది బాగుందా, ఎక్కువ మడిస్తే చూపించుకోవడానికే వచ్చినట్టుంటుంది, తక్కువ మడిస్తే కనబడదు.

వరండాలో మామయ్య పేపరుని బల్ల మీద పరుచుకుని వంగి చదువుతున్నాడు, ఇదివరకు ఎత్తి పట్టుకుని చదివే మనిషి, అద్దాలు ఇంకొంచెం మార్చాలేమో, ఒళ్ళో తువ్వాలు, దాని కింద ఎడమ చెయ్యి, మామయ్యా, గడియారం ఇస్తారా, బయల్దేరాలి అన్నాడు, అప్పుడేనా బాబూ, సాయంత్రం కదూ అన్నాడాయన గతుక్కుమని, లేదు మామయ్యా, మధ్యాహ్నం భోజనానికే, సరే సరే, లోపలికెళ్ళి తీసి తెస్తానుండు అని లేవబోయాడు, మీరెందుకు మామయ్యా, నేను తీస్తాగా, వద్దులే బాబూ, నువ్వు కూర్చో, ఈ పెద్దాయనకి మరీ మొహమాటం, అని తువ్వాలు తనే పక్కకి లాగేశాడు, మామయ్య కంగారుగా కుడిచేత్తో గొలుసు మీట నొక్కబోతున్నాడు, వేలు జారిపోతోంది, మళ్ళీ నొక్కబోయాడు, మళ్ళీ జారింది, అయ్యో, కుర్చీకి కొట్టుకుంటే అంతే సంగతులు, ఉండండి మామయ్యా, ఉండండి, గీత పడుతుంది, అని మోకాళ్ళ మీద కూలబడి ఆ మణికట్టుని పట్టుకున్నాడు, సెకన్ల ముల్లు నున్నగా జారుకుంటూ పోతోంది, అమ్మయ్య, నడుస్తోంది, సైరన్ పని అయిపోయినట్టే, కానీ ఇదేమిటి, గడియారం అదురుతోంది, ఇంతలా అదరకూడదే, లోపలి చక్రం వదులైందా, చెవి ఆనించి విన్నాడు, చప్పుడు మామూలుగానే ఉంది, టై ఆయనకి ఫోను చెయ్యాలి, గ్యారంటీ కాగితం బీరువాలో ఉండాలి, ముందు తీసి చూద్దామని మీట నొక్కి, గొలుసు విడదీసి, ఎక్కడా రాసుకోకుండా మెల్లగా జార్చి, అరచేతిలోకి తీసుకున్నాడు.

అరచేతిలో గడియారం బుద్ధిగా ఉంది, అదురూ లేదు, ఏమీ లేదు, తన పని తను చేసుకుంటోంది, మామయ్య చెయ్యి మాత్రం ఒళ్ళో ఊగుతూనే ఉంది, గడియారం లేకుండా, ఖాళీగా, బొటనవేలూ చూపుడువేలూ కనబడని దారానికి ముడి వేస్తున్నట్టు ఒకదానితో ఒకటి రాసుకుంటూ, ఆయన కుడిచేత్తో దాన్ని అదిమి పట్టాడు, ఆగలేదు, తువ్వాలు కోసం చూశాడు, అది అల్లుడి మోకాలి కింద ఉంది, ఎన్నాళ్ళ నుంచి మామయ్యా అని అడిగాడు అతను, పోయిన వానాకాలం నుంచి అనుకుంటా బాబూ, అమ్మాయికి చెప్పకు, బెంగ పెట్టుకుంటుంది, అన్నాడాయన, అల్లుడు నొచ్చుకున్నాడని అనుకున్నాడో ఏమో, నువ్వు చేయించిన అద్దాలు మాత్రం చాలా బాగున్నాయి బాబూ అన్నాడు, సూది, దారం, మూడు జోళ్ళు, బల్ల మీద పేపరు, సగం కప్పు టీ, వెనక్కి లాక్కున్న చెయ్యి, హస్తవాసి, నిలకడ, సరైన బిళ్ళ పడ్డప్పుడు అక్షరాలు తేటపడ్డట్టు అన్నీ వరసగా తేటపడ్డాయి, అతనికి సిగ్గేసింది, ఏడుపొచ్చింది, చెబుదాం మామయ్యా, ఇద్దరం కలిసి చెబుదాం, రేపే డాక్టరుకి చూపిద్దాం అంటూ గడియారాన్ని నేల మీద పెట్టేశాడు, అద్దం కిందికి ఉందో పైకి ఉందో, సిమెంటుకి రాసుకుని కిర్రుమంది, తల తిప్పలేదు, ఇన్నాళ్ళూ పొట్టకి అతుక్కుపోయిన ఎడమ చెయ్యి దానంతటది ముందుకొచ్చింది, కుడిచేత్తో కలిసి మామయ్య చేతిని గట్టిగా పట్టుకుంది, రెండు చేతుల మధ్యా అది పిట్టలా కొట్టుకుంటోంది, రోజూ సాయంత్రం గుమ్మంలో అడుగుపెడుతూనే నడుస్తోందా మామయ్యా అని అడిగేవాడు, నడుస్తోంది బాబూ అనేవాడాయన, ఆ తువ్వాలు విప్పి, లైటు కింద అటూ ఇటూ తిప్పి, వెంట్రుకంత గీత కోసం వెతికేవాడు, లేదని మురిసిపోయేవాడు, అది ఏ చేతి మీద నడిచి వచ్చిందో, ఆ చేతిని ఒక్కరోజూ చూడలేదు.