తెల్ల అతుకు

వానకు కప్పుకునే నీలం ప్లాస్టిక్ పట్ట మామ తీసుకుపోయాడో లేదో, ఇంటి వెనక దండెం మీద లేదు, గాలికి ఎగిరిపోయిందో, పడవలోనే ఉందో, పోయిన వారమే దాని చిరుగుకు యూరియా సంచి ముక్క వేసి నేనే కుట్టాను, ఏమే వేణీ ఇంత తెల్లగా కుట్నావు, ఆమడ దూరానికి కనపడతాదే అని మామ అంటే కనపడితే నీకేం నొప్పి అన్నాను, ఇప్పుడా తెల్ల అతుకు కోసమే ఈ జీపు వెనక నిలబడి బుల్లి టీవీలోకి కళ్ళు పొడుచుకుని చూస్తున్నాను, నలుపూ తెలుపూ టీవీ, దాన్నిండా నీళ్ళే, మధ్యమధ్య గీతలు, పక్కన తిరుపతి ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పే రవిచంద్ర సారు రెండు పుల్లలున్న పెట్టె మెడకు తగిలించుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు, ఆయన చేత్తో చేసుకున్న రిమోట్ విమానమట, పొట్టలో కెమెరా ఉందట, రెక్కలు చూస్తే పిల్లల ఆటవస్తువు, అరుపు చూస్తే మిక్సీలో పప్పు వేసినట్టు, అది పులికాట్ నీళ్ళ మీద మా మామను వెతుకుతోంది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు ఆదిమూలం, నా మొగుడు, చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి, చెప్పిన మాట ఒక్కటీ వినడు, నిన్న తెల్లవారి మండలాఫీసు వాళ్ళు ఆటోలో మైకు కట్టుకుని వచ్చి తుపాను వస్తాది, ఎవురూ నీళ్ళల్లోకి పోగూడదు అని చెప్పిపోయారు, ఈయన వల భుజాన వేసుకున్నాడు, ఈ పొద్దు పాడు నాది వేణీ, అన్నాడు, పాడు అంటే వంతు, చేప పడే చోట్లకు మా వాళ్ళు చీట్లు వేస్తారు, ఎవరి వంతునాడు వాళ్ళే అక్కడ వల వేయాలి, ఆ రోజు పోకపోతే వంతు పోయినట్టే, మళ్ళీ ఊరంతా తిరిగి మనదాకా రావాలి, అంతవరకూ పొయ్యిలో పిల్లి లేవదు, అవన్నీ నాకు తెలుసు, తెలిసీ గడపకు అడ్డం నిలబడ్డాను, గాలి సాయంత్రానికి గదే, అంతలోపల వచ్చేస్తాలే పక్కకు తప్పుకో అన్నాడు, సాయంత్రం దాకా ఆగిందా నీ గాలి, మధ్యాహ్నానికే ఇంటి కప్పు లేపింది, ఎంత మొద్దువయ్యా మామా, గాలికేమైనా నువ్వు చీటీ రాసిచ్చినావా, రానీ, ఇంటికి రానీ, నోట్లో ముద్ద పెట్టనీకుండా తిడతాను, రావాలి కదా ముందు.

వాన ఆగింది గానీ నీళ్ళు ఇంకా ఉబికే ఉన్నాయి, చిన్న పడవలు పోలేవు, పొద్దున ఒకటి పోయి తిరగబడి వచ్చింది, ఉన్నది దామోదరం అన్న మోటారు పడవ ఒక్కటే, అందులో డీజిలు ఒక్క పోకకూ ఒక్క రాకకూ సరిపోతుంది, నీళ్ళు ఎక్కిన దీవిలో పిల్లాపాపలు బడి మిద్దెక్కి కూర్చున్నారు, వాళ్ళ దగ్గరికి పోవాలంటే ఉత్తరానికి, మామ పాడు దక్షిణాన, రెండు దిక్కులా పోలేడు, కిందటేడు సునామీ అప్పుడు కూడా ఇట్లాగే ఎటు పోవాలో తెలీక తెల్లమొహాలు వేసుకుని నిలబడ్డాం, సార్ కనుక్కుని చెప్తే ముందు నీ మొగుణ్ణే తెస్తానమ్మా, ఆ మిద్దె గట్టిది, మళ్ళీ డీజిలు వచ్చేదాకా పూట ఓర్చుకుంటాది, కనపడకపోతే మాత్రం నన్నేమీ అనొద్దు అని దామోదరం అన్న ముందే చెప్పాడు, నేను తలూపాను, తలూపకేం చేస్తాను, అవతల ఉన్నవాళ్ళవీ ప్రాణాలే, సార్ ఇంకొంచెం కిందికి పోనీయండి, ఇంకొంచెం, నూనె అయిపోతాదమ్మా ఎక్కువ సేపు ఉండదు అంటున్నాడు ఆయన, అయిపోనీకండి సార్, అంటే ఏమనుకున్నాడో నవ్వాడు పాపం.

అదో, అతుకు, తెల్లగా అగ్గిపెట్టె అంత, అదే సార్, అదే మా పడవ అని నేను అరిచేలోపల సార్ దాని మీదుగా తిప్పాడు, పడవ పక్కన గెడ బురదలో దిగేసి ఉంది, దానికి పడవ తాడు కట్టి ఉంది, పడవలో మనిషి లేడు, మళ్ళీ తిప్పాడు, ఇంకా కిందికి, పట్ట పరిచి ఉంది, మనిషి లేడు, మూడోసారి తిప్పి సార్ నా మొహం చూడలేదు, ఖాళీగా ఉండాదమ్మా అన్నాడు మెల్లగా, దామోదరం అన్న తలపాగా తీసి దులిపి మళ్ళీ చుట్టుకుని, దీవికి పోతాం వేణీ, వాళ్ళన్నా దక్కనీ అన్నాడు, ఎవరూ ఏడవొద్దని పొద్దుటి నుంచి నేను కాపలా కాస్తుంటే మా అవ్వ అక్కమ్మ, మామను కన్నతల్లి, రొమ్ము బాదుకుని నా కొడకా అని కూలబడింది, నోర్ముయ్యవ్వా అన్నాను, పెద్దదాన్ని ఎన్నడూ అట్లా అనలేదు, విమానం మాత్రం అక్కడే తిరుగుతూ ఉంది, ఆ మాయదారి రొద ఇక్కడికి వినపడదు గానీ నా చెవుల్లో ఉంది, మామ చెవుల్లో కూడా.

మామ చెవుల్లో కూడా, అది ఎందుకు అనుకున్నాను, పెళ్ళయిన కొత్తలో ఒకసారి నన్నూ పడవలో తీసుకుపోయాడు, అది రాకెట్టు వదిలే రోజు, ఆ రోజు నీళ్ళల్లో ఎవరూ ఉండకూడదు, మన మేలుకే చెప్తారు, కానీ పాడు మామది, వంతుకు రాకెట్టుతో ఏం పని, ఉన్నట్టుండి పైన హెలికాప్టరు రొద, మామ నన్ను లాగి పడుకోబెట్టి పట్ట కప్పి, రెండు అంచులూ రెండు పిడికిళ్ళతో బిగించి, కాళ్ళ వైపు అంచు బొటనవేళ్ళ కింద తొక్కిపెట్టి, కదలొద్దు వేణీ, ఖాళీ పడవ అనుకుని పోతారు అని చెవిలో గుసగుసలాడాడు, చేపల కంపు, చీకటి, నాకు నవ్వాగలేదు, ఆ రొద పోయి చాలాసేపటికి గానీ పిడికిలి వదల్లేదు మామ, సార్, సార్, నిన్నటి గాలికి మా కప్పు రేకులే లేచిపోయినాయి సార్, కట్టని పట్ట పడవలో ఎట్లా పరుచుకుని ఉంటాది, అంచులు ఎవురో పట్టుకుంటే తప్ప, మైకు మాట కాదని పోయినాడు గదా, పట్టుకుపోయేదానికి వచ్చినారని దాక్కునుండాడు సార్, ఆ చప్పుడు ఆపేయండి.

ఆపితే మళ్ళీ లేవదమ్మా, నీళ్ళల్లో పడిపోతాది అన్నాడు సార్, అని ఇంకో మాట లేకుండా ఎడమ పుల్ల కిందికి లాగేశాడు, టీవీలో నీళ్ళు పక్కకు ఒరిగాయి, పడవ పెద్దదవుతోంది, అతుకు పెద్దదవుతోంది, నేను ముతక దారంతో వేసిన కుట్లు కనపడతాయేమో అన్నంత పెద్దది, అంచు కదిలింది, ఒక చెయ్యి, చెయ్యేనా, చెయ్యే, తర్వాత టీవీ నిండా చుక్కలు, దామోదరం అన్నా నేనూ వస్తా, నీ మోటారు చప్పుడుకు మళ్ళీ దూరతాడు, నా గొంతు వింటే గానీ లేవడు అని బురదలో పరిగెత్తి పడవ ఎక్కాను, తిట్టాలనుకున్నవన్నీ ఎటు పోయాయో, పైన చప్పుడయితే మమ్మల్ని తరమడానికే అని పుట్టినప్పటి నుంచి తెలుసు, మా కోసం వెతుక్కుంటూ కూడా ఒకటి వస్తుందని మామకు ఎవరూ చెప్పలేదు, నాకూ ఈ పొద్దే తెలిసింది.